పెద్దక్కకు పట్టుచీర

పోయిన వారం శారోన్‌ను నగరం అనే పల్లెటూరి చివర, తన టవర్ పక్కనున్న రేకుల గదిలో, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. అనుకున్న వేళకన్నా ముందే దిగిన ఆఫీసరు గారు పక్కన కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని, "ఇక మొదలుపెట్టండమ్మా" అన్నారు. ఆమె మీట మీద వేలు పెట్టింది.

ఆ వేలి కింద ఏముందో ఒకసారి గుర్తు చేసుకుందాం.

బెంగళూరు కంపెనీ "ఇది ల్యాబ్‌లో బాగుంటుంది, ఊళ్ళలో పనికిరాదు" అని మూసేసిన ప్రాజెక్టును శారోన్ అట్టపెట్టెల్లో సర్ది, రాజోలు బస్సు టాపు మీద వేయించి సొంతూరు తెచ్చుకుంది. ప్రభుత్వం ఆమెకు తాత్కాలికంగా ఇచ్చింది ఒక్కటంటే ఒక్క వైర్‌లెస్ చానెల్. ఒక్క చానెల్ అంటే ఒక్క పంటబోదె లాంటిది. ఒక చేను తడుస్తున్నంతసేపూ తతిమ్మా చేలవాళ్ళు గట్టు మీద కూర్చుని వంతు కోసం చూడాలి. నెట్ ఫోను దగ్గరా అదే వంతు. కువైట్‌లో, మస్కట్‌లో ఉన్నవాళ్ళకు తీరిక దొరికేది శుక్రవారం. ఆ ఒక్క రోజే ఊళ్ళలో ఆడవాళ్ళంతా నెట్ సెంటర్ల ముందు బారులు తీరేవారు. ఒక ఊరు మాట్లాడుతుంటే మిగతా ఊళ్ళు నోరు కట్టుకుని కూర్చునేవి. తన వంతు వచ్చేసరికి అవతలి మనిషి విసిగి లేచిపోయేవాడు.

శారోన్ ఆ వంతునే తీసేస్తానంది. టవర్ మీద ఎనిమిది యాంటెన్నాలను వరసగా నిలబెట్టింది. నాలుగూళ్ళవాళ్ళూ ఒకే చానెల్ మీద ఒకేసారి మాట్లాడతారు. ఏ ఊరి మాటైనా ఎనిమిది యాంటెన్నాలకూ వెంట్రుకవాసి ముందూ వెనకలుగా చేరుతుంది. కంప్యూటర్ ఆ తేడాలు పట్టుకుని లెక్క కడుతుంది. ఒక రకంగా కూడితే అప్పనపల్లి మాట ఉప్పొంగుతుంది, మిగతా మూడూ ఒకదాన్నొకటి చంపుకుని మాయమవుతాయి. అదే క్షణంలో ఇంకో రకంగా కూడితే ఆదుర్రు మాట. అలా నాలుగు.

ఇవాళ్టితో తాత్కాలిక అనుమతి ఆఖరు. నాలుగు మాటలూ కలిసిపోకుండా వినిపిస్తే చానెల్ శారోన్‌ది. లేకపోతే అమలాపురం కేబుల్ టీవీ యజమాని ముత్యాలరాజుకు పోతుంది. ఆయనకు ఎనిమిది యాంటెన్నాల గొడవ అక్కర్లేదు. వంతే ముద్దు. వంతు ఉన్నచోట వంతును అమ్ముకోవచ్చు.

శారోన్ మీట నొక్కింది.

అప్పనపల్లి సెంటర్లో కుసుమ, ఆదుర్రులో గంగాదేవి, పాశర్లపూడిలో, గోగన్నమఠంలో మరో ఇద్దరు హెడ్‌ఫోన్లు తగిలించుకుని సిద్ధంగా ఉన్నారు. నలుగురికీ అవతల గల్ఫ్‌లో నలుగురు మొగుళ్ళు.

"హలో, ఏమండీ, బావున్నారా?" కుసుమ గొంతు గదిలోని స్పీకర్లో గలగలా వినిపించింది.

"బావున్నానే. పిల్లాడికి జొరం తగ్గిందా?"

శారోన్ ఊపిరి వదలబోయింది. సరిగ్గా అప్పుడే అదే స్పీకర్లోంచి ఇంకో ఆడగొంతు దూసుకొచ్చింది.

"ఆ కబుర్లన్నీ తరవాత. తాగుడు మానేసేరా లేదా? ముందది చెప్పండి!"

అది గంగాదేవి గొంతు. అడిగింది తన మొగుణ్ణి. వినిపించింది మాత్రం కుసుమ మొగుడికి కూడా.

మస్కట్‌లో ఉన్న కుసుమ మొగుడు గతుక్కుమన్నాడు. "నేను తాగుతున్నానని నీకెవరు చెప్పేరే?"

"నేనడగలేదు కదండీ!" అంది కుసుమ. అని, ఆగి, "అయితే తాగుతున్నారా?" అంది.

"అబ్బే! ఆ పక్కమంచం వాడు చెప్పేడా? వాడి మాట నమ్మకే..."

ఆ పైన నాలుగూళ్ళ మాటలూ కలిసి ఊరి తీర్థపు జాతరలో గోలలా తయారయ్యాయి. ఎవరి మొగుడు ఎవరికి సంజాయిషీ చెప్పుకుంటున్నాడో తెలియదు. గోగన్నమఠంలో ఒకావిడ "నువ్వెవతివే మా ఆయన్ని ఏమండీ అనడానికి" అని విరుచుకుపడింది.

శారోన్ స్పీకర్ ఆపేసింది. చెవులు వేడెక్కిపోయాయి. బుధవారం ఇదే పరీక్ష తనే చేసి చూసుకుంది. అప్పుడు నాలుగు గొంతులూ నాలుగు గాజుగ్లాసుల్లో నీళ్ళలా విడివిడిగా నిలబడ్డాయి. టవర్ కదల్లేదు. ఊళ్ళు కదల్లేదు. బుధవారం కొలిచిన లెక్కలు కంప్యూటర్లో అలాగే ఉన్నాయి. మరి ఏం కదిలింది?

ఆఫీసరు గారు నవ్వలేదు. అదొక్కటే నయం. "మధ్యాహ్నం దాకా ఉంటానమ్మా. తొందరపడకండి. ఏదో చిన్న లోపం అయ్యుంటుంది," అన్నారు. ఆ మాటకే శారోన్‌కు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయన పెట్టె సర్దుకుని వెళ్ళిపోతే అడిగే హక్కు ఆమెకు లేదు.

ఆమె గదిలోంచి బయటికి వచ్చింది. టవర్ మొదట్లో లోవరాజు తాడు చుట్ట చుడుతున్నాడు. తల ఎత్తలేదు.

టవర్ ఎక్కి దిగే మనిషి అతనొక్కడే. ఇదివరకు ముత్యాలరాజు దగ్గర కేబుల్ వైర్లు లాగేవాడు. నిన్న సాయంత్రం చంకలో సంచి పెట్టుకుని లోవరాజు టవర్ ఎక్కుతుంటే చూశానని పాలు పోసే ఆవిడ పొద్దున్నే చెప్పింది. పని ఏదో ఉండి ఉంటుందిలే అనుకుని శారోన్ అప్పుడు వదిలేసింది.

"లోవరాజు గారూ, నిన్న పైకెందుకు ఎక్కేరు?"

"ఊరికేనండి."

"ఊరికే ఎవరైనా అంత ఎత్తు ఎక్కుతారా?"

"గాలేస్తే బోల్టులు వదులవుతాయి కదండీ. చూసొచ్చేను."

"సంచిలో ఏముంది?"

చుట్ట చుడుతున్న చేతులు ఆగిపోయాయి. "పానాలండి."

లోవరాజుకు అబద్ధం చెప్పడం రాదు. చెవుల దగ్గర్నుంచి మెడ దాకా ఎర్రబడిపోతాడు. ఇప్పుడూ అలాగే ఎర్రబడ్డాడు. అది చూసి శారోన్ అనుమానం గట్టిపడింది.

"ముత్యాలరాజు గారు ఏం ఆశ చూపించేరు?"

"అమ్మగారూ!"

"నాలుగు నెలలు మా ఇంట్లో మనిషిలా తిరిగేరు. మా అమ్మ మీకు విడిగా కూర తీసి పెట్టేది. పరీక్ష రోజే దొరికిందా మీకు? యాంటెన్నా పక్కకి తిప్పేరా? తీగ మార్చేరా? ఏది చేసేరో అది చెప్పండి చాలు, మిమ్మల్ని పల్లెత్తు మాటనను."

"యాంటెన్నా తిప్పలేదండి. తీగ ముట్టుకోలేదు. మా పిల్లల మీద ఒట్టు."

"మరి ఏం చేసేరు?"

లోవరాజు నేల చూపులు చూశాడు. "అది చెప్పకూడదండి. మాటిచ్చేను."

"ఎవరికి?"

లోవరాజు మళ్ళీ తాడు చుట్టసాగాడు. శారోన్‌కు ఒళ్ళు మండిపోయింది. "అయితే తాడు అక్కడ పడేసి వెళ్ళిపోండి. మళ్ళీ ఈ గేటు తొక్కొద్దు."

అతను నిజంగానే తాడు కింద పెట్టాడు. తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. గేటు దాకా నడిచాడు. అక్కడ ఆగాల్సి వచ్చింది. ఎదురుగా ఒక ముసలావిడ గేటుకు అడ్డం పడి లోపలికి వస్తోంది. చేతిలో మూత పెట్టిన స్టీలు గిన్నె, నుదుటి మీద రూపాయంత బొట్టు.

"ఎక్కడికండీ అల్లుడు గారూ? పరీక్ష అయిపోయిందా? అమ్మాయి గారికి పరవన్నం తెచ్చేను, నిన్న లక్ష్మివారం పూజలోది. పొద్దున్నే వద్దామంటే కాళ్ళు సాగలేదు."

లోవరాజు అత్తగారు బుల్లెమ్మ. పాశర్లపూడిలో ఉంటుంది. ఒక్కగానొక్క కొడుకు అయ్యప్ప కువైట్‌లో ఎడారి మధ్య ఎక్కడో కాపలా పనిలో ఉన్నాడు. శుక్రవారం శుక్రవారం ఎవరి ఫోనో అడిగి పుచ్చుకుని మాట్లాడాలి. ఇవతల తల్లి వంతు వచ్చేసరికి అవతల ఆ ఫోను గలాయన వెళ్ళిపోయేవాడు. ఏడాది పైన కొడుకు గొంతు వినలేదు. పోయిన నెల శారోన్ నాలుగూళ్ళనూ కలిపి మాట్లాడించి చూసినప్పుడు, మొదటిసారి బుల్లెమ్మ వంతు అనే మాట లేకుండా కూర్చుని, "నాన్నా" అని పిలిచి, "ఓయ్" అన్న జవాబు విన్నది.

"అత్తయ్య గారూ, మీరు ఇంటికి పదండి," అన్నాడు లోవరాజు గబగబా.

"అదేంటండీ, మొహం అలా ఉంది?" ఆవిడ అతన్నీ శారోన్‌నూ మార్చి మార్చి చూసింది. "అమ్మాయి గారూ, మా అల్లుడు గారు ఏమన్నా తప్పు చేసేరా?"

"మీ అల్లుడు గారు నిన్న టవర్ మీద ఏదో చేసేరు. దాంతో అన్నీ కలిసిపోతున్నాయి. నన్నడక్కండి, ఆయన్నే అడగండి. చెప్పకూడదట, ఎవరికో మాటిచ్చేరట."

బుల్లెమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"నాకేనండి," అంది.

శారోన్‌కు అర్థం కాలేదు.

"మాటిచ్చింది నాకేనండి. మీరు కోప్పడతారని చెప్పొద్దన్నాను. మీరు యేసుప్రభువుని నమ్ముకున్నోరు, మా మొక్కులు మీకు నచ్చుతాయో నచ్చవో అని." ఆవిడ గొంతు చిన్నదైపోయింది. "ఆ వేళ మీరే చెప్పేరు కదండీ, పైన ఉన్నోళ్ళు ఎనమండుగురు అక్కచెల్లెళ్ళని. ఒక్కరు వింటే ఏం తెలీదు, ఎనమండుగురూ చెవి ఒగ్గి, ఒకరికొకరు చెప్పుకుంటేనే ఎవరి మాట ఎవరిదో తెలుస్తుందని."

శారోన్ చెప్పింది. నిజమే. నెట్ సెంటర్ అరుగు మీద ఆడవాళ్ళంతా "ఇదెలా పనిచేస్తుందండీ" అని అడిగితే, లెక్కలు చెప్పలేక, అక్కచెల్లెళ్ళ కథ చెప్పింది. అందరూ భలేగా అర్థమైందన్నారు. మరీ ఎక్కువే అర్థమైందని ఇప్పుడు తెలుస్తోంది.

"మా అయ్యప్ప గొంతు వినిపిస్తే ఆ తల్లులకి చీర పెడతానని మొక్కుకున్నానండి. వినిపించేరు. మార్గశిర లక్ష్మివారం మంచి రోజు కదా అని నిన్న పెట్టించేను. ఎనమండుగురికీ పెట్టే తాహతు నాకెక్కడిదండీ? పెద్దావిడకి కట్టేమండి, ఆ కొసనున్న మొదటావిడకి. నా పెళ్ళి పట్టుచీర. మా అమ్మ కొన్నది. పాతకాలం వెండి జరీ అండి, ఇప్పుడలాంటివి రావు."

"వెండి జరీ," అంది శారోన్ నెమ్మదిగా.

"వానకి తడవకుండా తెల్ల తొడుగు విప్పి, లోపల చుట్టి, మళ్ళీ తొడుగు వేసేసేనండి," అన్నాడు లోవరాజు. దాచడం అయిపోయాక అతని మొహంలో ఎరుపు కూడా దిగిపోయింది. "యాంటెన్నా తిప్పలేదండి. తీగ ముట్టుకోలేదు. చీరే కదా అనుకున్నాను."

నూలు చీరైతే ఏమీ అయ్యేది కాదు. వెండి జరీ అంటే వెండి తీగ. ఒక యాంటెన్నాకు వెండి తీగల దుప్పటి కప్పినట్టే. ఎనమండుగురిలో పెద్దావిడకు నిన్నటినుంచి సగం వినిపించడం లేదు, వినిపించింది కూడా ఆలస్యంగా వినిపిస్తోంది. కంప్యూటర్ మాత్రం బుధవారం నాటి చెవులే అనుకుని కూడుతూ పోయింది. కూడిక తప్పింది. చావాల్సిన మాటలు చావలేదు.

శారోన్ టవర్ వైపు చూసింది. కింది నుంచి చూస్తే ఎనిమిది తెల్ల తొడుగులూ ఒకేలా ఉన్నాయి. బెంగళూరులో ఈ ప్రాజెక్టు మీద కూర్చున్న ఏళ్ళలో ఎవరో ఒకరు బాగుందన్నారు, ఎవరో ఒకరు బాగాలేదన్నారు. ఆఖరికి మూసేశారు. ఇంతవరకూ ఒక్కరంటే ఒక్కరు థాంక్స్ చెప్పలేదు. ఈవిడెవరో పెళ్ళి చీర తీసి కట్టింది.

ఏడుపొచ్చింది. దాన్ని ఆపుకోవడానికి నవ్వింది.

బుల్లెమ్మ ఆ నవ్వును తప్పుగా అర్థం చేసుకుంది. "తీసేయండి అల్లుడు గారూ. ఇప్పుడే ఎక్కి తీసేయండి. నేను చేసిన పనికి నాలుగూళ్ళ ఆడవాళ్ళు మళ్ళీ వంతులో కూర్చోడమా? మొక్కు సంగతి నేను చూసుకుంటాను. ఆ తల్లికి నాలుగు లెంపలు వేసుకుని చెప్పుకుంటాను."

లోవరాజు తాడు అందుకున్నాడు.

"ఆగండి," అంది శారోన్.

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ ఆఫీసరు గారు అంతా విన్నట్టున్నారు. "చీర తీయిస్తే అయిపోతుంది కదమ్మా. పాత లెక్కలు పనికొస్తాయి."

"అవుతుందండి. అరగంటలో అయిపోతుంది." శారోన్ గొంతులో జంకు పోయింది. "కానీ ఇవాళ చీర. రేపు కాకి గూడు. ఎల్లుండి గాలికి ఎగిరొచ్చిన కొబ్బరి మట్ట. ప్రతిదానికీ మనిషిని పైకెక్కిస్తే ఇది కోనసీమలో బతకదండి. ఇది ల్యాబ్‌లోనే బాగుంటుందన్న మాట నిజమైపోతుంది. పైన ఏదుంటే దాన్ని ఉన్నదున్నట్టు మళ్ళీ కొలుచుకుని పనిచెయ్యాలి. చీరతోనే చేసి చూపిస్తాను. టైమివ్వండి."

"పనిచెయ్యకపోతే?"

"పనిచెయ్యలేదని రాసుకోండి."

లోవరాజు తాడు కింద పెట్టాడు. ఆఫీసరు గారు గడియారం చూసుకున్నారు. "సరే. త్వరగా కానివ్వండి," అన్నారు.

శారోన్ లోపలికి వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. "లోవరాజు గారూ."

"అండీ."

"మిమ్మల్ని అనరాని మాటలన్నాను. వినకుండానే అనేశాను. తప్పు నాది. లోపలికి రండి."

"ఆయ్, ఊరుకోండమ్మగారూ," అన్నాడు లోవరాజు. "నేను మీ జాగాలో ఉంటే కొట్టేసేవోణ్ణి కూడా."

కొలవడం అంటే పెద్ద పని కాదు. కష్టమైన పని. ఒక్కో ఊరి సెట్టు ఒంటరిగా, తెలిసిన ఒకే శబ్దం పంపాలి. ఆ సేపు మిగతా మూడూళ్ళూ చిన్న చప్పుడు కూడా చెయ్యకూడదు. ఎనమండుగురూ ఆ శబ్దాన్ని ఎలా విన్నారో కంప్యూటర్ రాసుకోవాలి. సెట్టు పంపించే శబ్దం సంగతి సరే, కోనసీమ ఆడవాళ్ళ చేత, అందులోనూ మొగుళ్ళు ఫోన్లో ఉండగా, మాట్లాడకుండా ఉంచడం ఎలా?

శారోన్ మైకు తీసుకుంది. "అందరూ వినండి. ముందు అప్పనపల్లి. మిగతా వాళ్ళు మైకులు మూసేయండి. గంగాదేవి గారూ, మీరు కూడానండి."

"మూసేను కదండీ."

"మూస్తే మీ మాట నాకెలా వినిపిస్తోందండీ?"

"ఒక్క ముక్కండి. ఆయన తాగుడు మానేసేనని ఒట్టేస్తున్నారు. అది తేలనివ్వండి."

ఈలోగా అప్పనపల్లి నుంచి కుసుమ అందుకుంది. "గంగాదేవొదినా, మీ పుణ్యమా అని మా ఆయన గుట్టు బయటపడింది. ఆ సంగతి నేనూ తేల్చాలి. మన పని తరవాత చూసుకుందాం, ముందు అమ్మాయి గారి పని కానిద్దాం. మూసెయ్యి."

గంగాదేవి మూసేసింది. నిశ్శబ్దం. అప్పనపల్లి శబ్దం సన్నటి ఈలలా వచ్చింది. తెరమీద ఎనిమిది గీతలు లేచాయి. ఏడు నిటారుగా, మొదటిది సగానికి వంగి. ఆదుర్రు. మళ్ళీ అంతే. పాశర్లపూడి. గోగన్నమఠం. నాలుగు కొలతలూ పూర్తయ్యేసరికి గది గుమ్మంలో బుల్లెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. తన ఊపిరి చప్పుడు కూడా లెక్కల్లో పడిపోతుందని భయం.

కంప్యూటర్ కొత్త కూడికలు కట్టింది. పెద్దక్కకు సగం చెవే ఉంది కాబట్టి ఆవిడ మాటకు బరువు తగ్గించింది. ఆ తరుగును చెల్లెళ్ళు ఏడుగురికీ పంచింది. సరిపోతుందా? శారోన్‌కు తెలియదు. ఎనిమిదికి ఏడున్నర చెవులతో ఎవరూ చేసి చూడలేదు.

"అందరూ మైకులు తెరవండి. ఒకేసారి మాట్లాడండి. ఏదైనా సరే."

ఆఫీసరు గారు స్పీకర్ మీట అప్పనపల్లి వైపు తిప్పారు.

"...అబద్ధాలాడకండి. పక్కమంచం వాడు ఎవరు? ఆ ఊసు మీరే తెచ్చేరు, నేను తేలేదు." కుసుమ గొంతు ఒక్కటే. దాని వెనక చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

మీట ఆదుర్రుకు తిరిగింది. "సరేనండి, ఒట్టేసేరు కాబట్టి నమ్ముతున్నాను. పెద్దదానికి పట్టీలు తెస్తారా?" గంగాదేవి గొంతులో ఇంత మెత్తదనం ఉంటుందని ఆ గదిలో ఎవరికీ తెలియదు.

పాశర్లపూడి. గోగన్నమఠం. నాలుగూ నాలుగే. ఆఫీసరు గారు మళ్ళీ మొదటికి వచ్చి, గబుక్కున అటూ ఇటూ తిప్పి చూశారు. ఒక్క మాట పక్క ఊళ్ళోకి ఒలకలేదు.

లోవరాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. బుల్లెమ్మ ఏం జరిగిందో అడగలేదు. శారోన్ మొహం చూసి తెలుసుకుని, స్టీలు గిన్నె మూత తీసి, ముందు ఆమె చేతిలో పరవన్నం పెట్టింది.

"చీర ఉంచుకున్నారా అండీ తల్లి?"

"ఉంచుకున్నారండి బుల్లెమ్మ గారూ. కట్టుకునే పనిచేస్తున్నారు."

శారోన్ పరవన్నం నోట్లో వేసుకుంది. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియలేదు. మనసులో ప్రభువుకు పెట్టుకుంది. పైకి ముసలావిడ చేతులు పట్టుకుంది. "మీ చీర లేకపోతే ఇది ఎంత గట్టిదో నాకే తెలిసేది కాదండి," అంది. బుల్లెమ్మకు ఆ ముక్క అర్థమైనా కాకపోయినా తల ఊపి, కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది. తరవాత తనవి తుడుచుకుంది.

"శభాషమ్మా," అన్నారు ఆఫీసరు గారు. "నేను చాలా మెషీన్లు చూశాను. ఇలాంటిది చూడలేదు. అనుమతి వచ్చినట్టే అనుకోండి. రికార్డు కోసం మీ లెక్కలన్నీ ఒక సీడీలో వేసివ్వండి. పాతవీ కొత్తవీ, కట్టే పద్ధతితో సహా."

అడిగిన వెంటనే ఇచ్చేసింది శారోన్. ఈ మనిషి పొద్దున్నే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయి ఉంటే ఇవాళ తన పని ముగిసిపోయేది. ఆయన ఓపికకు ఎంత రుణపడినా తక్కువే. "మీ మేలు మర్చిపోనండి," అంది. లోవరాజు ఆయనకు లేత బొండాలు దింపుతానని టవర్ వెనక కొబ్బరిచెట్ల వైపు పరుగెత్తాడు.

ఆయన సీడీని జేబులో పెట్టుకుని లేస్తున్నారు. శారోన్ చూపు అలవాటుగా తెరమీదికి పోయింది.

ఏ దిక్కు నుంచి ఎంత శబ్దం వస్తోందో చూపించే బొమ్మ అది. నాలుగూళ్ళకు నాలుగు మెట్టలు ఉండాలి.

ఐదు ఉన్నాయి.

ఐదోది పడమట దిక్కున. చిన్నది, కానీ ఆగి ఆగి లేస్తోంది. పడమట తన ఊరేదీ లేదు. రాజోలు దాటాక సఖినేటిపల్లి, ఆ పైన గోదావరి, అవతలి ఒడ్డున నర్సాపురం.

"అదేంటి?" అన్నారు ఆఫీసరు గారు. ఆ గొంతులో ఇందాకటి తీరుబడి లేదు.

"ఎవరో మన చానెల్ మీద మాట్లాడుతున్నారండి."

"ఏదో చెత్త శబ్దం అయ్యుంటుంది. నొక్కెయ్యండి. ఆ దిక్కు వినకుండా చెయ్యగలరు కదా? మీ మెషీను ఉన్నదే అందుకు." ఆయన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "రికార్డులో ఐదోది కనిపిస్తే మీ అనుమతికే ఇబ్బందమ్మా. మీ మంచికే చెబుతున్నాను. నేను చూడనట్టే ఉంటాను."

చెయ్యగలదు. ఒక్క మీట నొక్కితే ఎనమండుగురూ పడమటి వైపు చెవులు మూసుకుంటారు. ఆ మాట పుట్టనట్టే పోతుంది. అనుమతి చేతికి వస్తుంది. ఇంత మేలు చేసిన పెద్దాయన అడుగుతున్నదీ అదే.

శారోన్ మీట మీద వేలు పెట్టి ఆగింది. పొద్దున్న ఒక మనిషిని వినకుండానే గేటు బయటికి పంపబోయింది. ఆ మచ్చ ఇంకా పోలేదు.

"మెట్ట అలా ఆగి ఆగి లేస్తోందంటే మనిషి మాటేనండి. గోదారి మీద ఏ పడవవాళ్ళో ఆపదలో ఉన్నారేమో. ఒక్కసారి విని అప్పుడు మూసేస్తాను. మీరు రాసుకోదలిస్తే రాసుకోండి."

"వద్దన్నాను కదమ్మా."

అప్పటికే ఆమె వేలు పక్క మీట మీదికి జరిగింది. ఎనిమిది యాంటెన్నాలూ పడమటికి చెవి ఒగ్గాయి. గరగర. మళ్ళీ గరగర. దాని అడుగు నుంచి ఒక మగగొంతు, అలసిపోయి, ఎంతో మర్యాదగా, పైకి తేలింది.

"...నగరం స్టేషన్, శారోన్ గారూ, వినిపిస్తోందా? మీ ఫోను పొద్దుట్నుంచీ పలకడం లేదు, అందుకని మా వ్యాను సెట్టు మీద మీ చానెల్‌కే పిలుస్తున్నాను. మీ పరీక్షకు రావాల్సిన వైర్‌లెస్ ఆఫీసర్నండి. పోటు తగ్గి నర్సాపురం రేవులో, గోదారి దాటించే పంటు ఇసకలో దిగబడింది. ఆలస్యానికి మన్నించాలి. మేము వచ్చేవరకూ పరీక్ష మొదలుపెట్టకండి."

శారోన్ వెనక్కి తిరగలేదు. మరి తన లెక్కలన్నీ జేబులో వేసుకున్న ఈ మనిషెవరు?

బుల్లెమ్మకు మాత్రం ఆ గొంతు ఎంతో నచ్చింది. "ఇంకో ఆఫీసరు గారు కూడా వస్తున్నారాండీ?" అంది సంబరంగా. "అయితే మా అల్లుడు గారికి కేకేసి ఇంకో బొండం దింపమని చెప్పనా?"

జవాబు చెప్పడానికి శారోన్ నోరు తెరిచేలోగా, వెనకాల తలుపు గడియ పడిన చప్పుడైంది.

లోపలి వైపు నుంచి.